మొదటి రాజమండ్రి

పోయిన వారం అంట్లు తోముతుంటే స్టీలు కంచం ఒకటి చేతిలోంచి జారింది. బకెట్ అంచుకి తగిలి, మోగుతూనే నీళ్ళలో మునిగింది. మోగుతున్న కంచం నీళ్ళలోకి దిగితే దాని శబ్దం మారిపోతుంది. గంటలా మొదలవుతుంది, వంగుతూ కిందికి జారుతుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. నేను చేతులు తుడుచుకుని వంటింటి గడప మీద కూర్చున్నాను. ఒకప్పుడు రాజమండ్రిలో, మా కేబుల్ ఛానల్ వచ్చే ఇళ్ళలో, ఆదివారం పొద్దున్న ఆ శబ్దం వినపడితే కథలో ఎవరో ఈ భూమి మీంచి ఇంకో భూమి మీదికి దాటారని అర్థం. ఆ శబ్దం కనిపెట్టింది సత్యవతి గారు. ఆవిడ పోయి ఇంకా రెండు నెలలు కాలేదు. గడప మీద కూర్చున్న నాకు ఆవిడ సంతాప సభ గుర్తొచ్చి మళ్ళీ కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. ఆవిడ ఎవరో తెలియకపోతే నా కోపం ఎందుకో అర్థం కాదు కాబట్టి ముందు ఆవిడ గురించి చెబుతాను.

సత్యవతి గారు ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు సూర్యనారాయణ గారికి మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు ఉండేది. కొట్టు పైన రెండు గదుల్లో ఆయన లోకల్ ఛానల్ ఒకటి నడిపేవారు. ఊరి వార్తలు, కొట్ల ప్రకటనలు, పుట్టినరోజు ఫొటోలు, ఫోన్ చేసి అడిగితే వేసే పాటలు. నేను డిగ్రీ అవగానే అక్కడ వార్తలు చదవడానికి చేరాను. సత్యవతి గారు కాలేజీ నుంచి వచ్చి సాయంత్రం వార్తలు సరిచూసేవారు. మొదటిరోజు ఆవిడ "నిర్మల గారూ" అని పిలిస్తే నేను వెనక్కి తిరిగి చూశాను, అదే పేరుతో పెద్దావిడెవరైనా ఉన్నారేమోనని. నా వయసు ఆవిడ వయసులో సగం కూడా ఉండదు. ఆవిడ అందరినీ అలాగే పిలిచేవారు, టీ తెచ్చేవాళ్ళనీ, మెట్లు ఊడ్చే ఆవిడనీ కూడా. సూర్యనారాయణ గారు దాన్ని అక్కగారి చాదస్తం అనేవారు. ఆయన మీద నాకున్న కోపం ఇప్పట్లో తగ్గేది కాదు. అయినా ఆయన పేరు పక్కన గారు రాస్తూనే ఉన్నాను. అది ఆవిడ పెట్టిన అలవాటు.

వార్తల్లో విశేషణాలు కనిపిస్తే ఆవిడ కొట్టేసేవారు. ఒకసారి నేను కడియం దగ్గర జరిగిన ఘోర ప్రమాదం అని రాశాను. ఘోర అన్న మాట మీద ఆవిడ వేలు పెట్టి, ఏం జరిగిందో చెప్పండి చాలు, ఘోరమో కాదో వినేవాళ్ళు తేల్చుకుంటారు అన్నారు. వాళ్ళు తేల్చుకోకపోతే అని అడిగాను. "అప్పుడు మీరు ఆ మాట వాడినా వాళ్ళకి పట్టదండి" అన్నారు. నేను తర్వాత చదివిన పుస్తకాలు చాలానే ఉన్నాయి. రాయడం గురించి అంతకన్నా పనికొచ్చే మాట వాటిలో నాకు దొరకలేదు.

ఆదివారం పొద్దున్న ఒక అరగంట ఛానల్‌లో వేయడానికి ఏమీ ఉండేది కాదు. ఆ అరగంట నాకివ్వమని ఆవిడ తమ్ముణ్ణి అడిగారు. అలా మొదలైంది "రెండో రాజమండ్రి". మన భూమి పక్కనే ఇంకో భూమి ఉంటుంది. దాని మీదా ఇదే గోదావరి, ఇదే వంతెన, ఇవే వీధులు. ఎక్కడో ఒకచోట మాత్రం కథ వేరే దారి పట్టింది. ఇది ఎలా కుదురుతుందని మేమంతా అడిగాం. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది కదా, నీళ్ళకి రెండు దారులూ నిజమే కదా అన్నారు. గౌతమిలో పోయే పడవవాడికి వశిష్ఠ కనపడదు, అంత మాత్రాన అది లేకుండా పోదు. ఆ తర్వాత ఆ విషయం మీద నేను చాలా వ్యాసాలు చదివాను. నాకు ఇప్పటికీ అర్థమయ్యేది ధవళేశ్వరమే.

డబ్బు లేదు. ఒక్క కెమెరా. దాటేటప్పుడు పొగమంచు కావాలంటే సాంబ్రాణి వేసి విసనకర్రతో విసిరేవాళ్ళం. రెండో భూమి వాళ్ళ యంత్రం అంటే వెండిరంగు కాగితం చుట్టిన ఇడ్లీ పాత్ర. అన్నిటికన్నా పెద్ద చిక్కు, రెండు భూములూ ఒకేలా ఉంటే ఏది ఏదో చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? మొదట్లో రెండో భూమి మీద ఆడవాళ్ళ పమిట కుడి భుజం మీద వేయించారు. ప్రసారమయ్యాక దానవాయిపేట నుంచి ఒకాయన ఫోన్ చేసి, కథ బాగుంది కానీ ఆ రెండో ఊళ్ళో అందరూ గుజరాతీవాళ్ళేనాండి అని అడిగారు. ఆవిడ రిసీవర్ పెట్టేసి చాలాసేపు నవ్వారు. తర్వాత, బట్టలతో కాదు మాటతో తేడా చూపిద్దాం అన్నారు. రెండో భూమి మీద ఎవరూ ఎవరినీ అండి అనరు. అందరూ నువ్వు అంటే నువ్వే. మనవైపు అండి లేకుండా వాక్యం పూర్తికాదు కాబట్టి, అది వినపడకపోతే చాలు, ఊరు మారిందని తెలిసిపోతుంది.

ఆ నియమం ఒక్కరోజు కూడా నిలవలేదు. దానికి కారణం నూకరాజు గారు. కోటిలింగాల రేవు దగ్గర చేపలు పట్టేవారు. దాటే దృశ్యాల కోసం ఆయన నావ మాట్లాడుకున్నాం, నావతోపాటు ఆయనా వచ్చారు కాబట్టి పడవవాడి వేషం ఆయనకే ఇచ్చాం. మేడ మీద అందరం చాప పరుచుకుని మాటలు చదువుకుంటుంటే ఆయన పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నారు. సత్యవతి గారు కూర్చోమన్నారు. పర్లేదండి అన్నారాయన. ఆయన వంతు వచ్చింది. "ఎక్కడికి పోవాలి" అనాలి, అంతే. "ఎక్కడికెళ్ళాలండి" అన్నారు. మళ్ళీ చెప్పించారు. మళ్ళీ అండి వచ్చింది. ఎన్నిసార్లు చెప్పించినా చివర్లో అండి వచ్చి కూర్చునేది. అందరూ నవ్వుతున్నారు, ఆయన కూడా నవ్వుతున్నారు. ఎందుకు మానలేకపోతున్నారని ఆవిడ అడిగారు.

"అనకుండా మాటాడితే అవతలోళ్ళని కొట్టినట్టుంటదండి" అన్నారాయన.

ఆవిడ నవ్వడం ఆపి ఆయన్నీ, చాప మీద కూర్చున్న మమ్మల్నీ మార్చి మార్చి చూశారు. అప్పుడు నాకూ కనిపించింది, అక్కడ అండి మానలేని మనిషి ఒక్కరే నిలబడి ఉన్నారని. ఆవిడ చేతిలో కాగితాలు మడిచి, "ఆయన మానలేరండి. అయితే మిగతావాళ్ళమే నేర్చుకుందాం" అన్నారు. ఆరోజు నుంచి రెండో రాజమండ్రిలో అందరూ అందరినీ అండి అనాలి. షావుకారు పడవవాణ్ణి, పోలీసు దొంగని, అత్తగారు కోడల్ని. ఏరా, ఒసే, వాడు, అది అన్న మాటలు ఆ భూమి మీద పుట్టనే లేదు.

ఇది వినడానికి తేలికగా ఉంటుంది, చేస్తే తెలుస్తుంది. నాటకాల్లో ముప్ఫై ఏళ్ళు వేషాలు వేసిన ఒక పెద్దమనిషి రెండో భూమి కానిస్టేబుల్‌గా వచ్చి, రిక్షా తొక్కేవాడి వేషం వేసిన మనిషిని చూడగానే ఏరా అన్నారు. పద్యాలు తప్పులేకుండా చెప్పగల నోరు అది. ఎవరైనా అలా జారితే సత్యవతి గారు కట్ అనేవారు కాదు. నెమ్మదిగా, "మొదటి రాజమండ్రి" అనేవారు. అంటే మీరు మళ్ళీ మన భూమి మీద పడ్డారని. కొన్నాళ్ళకి అది మా అందరి నోటా ఊతపదమైపోయింది. కొట్టులో ఎవరైనా పనివాళ్ళ మీద అరిస్తే మెట్ల మీంచి ఎవరో ఒకరు మొదటి రాజమండ్రి అనేవారు. వార్తల్లో నేను ఒక మంత్రిగారిని వచ్చారు అనీ, అదే వార్తలో చనిపోయిన కూలీని చనిపోయాడు అనీ రాస్తే, ఆవిడ కాగితం పక్కన చిన్నగా మొ.రా. అని రాసి ఇచ్చేవారు.

కథ చాలా చిన్నది. మెయిన్ రోడ్డు షావుకారు ఒకాయన కొవ్వూరు వెళ్ళడానికి పడవ ఎక్కుతారు. మధ్యలో పొగమంచు, కంచం శబ్దం. ఇద్దరూ రెండో రాజమండ్రిలో తేలతారు. అక్కడ పడవవాణ్ణి నూకరాజు గారండి అంటారు. కుర్చీ వేస్తారు, భోజనం పెట్టి ముందు ఆయన వడ్డించుకున్నాక మిగతావాళ్ళు వడ్డించుకుంటారు. ఆయనకి తిరిగి రావాలని ఉండదు. షావుకారుకి ఒక్క క్షణం కూడా ఉండాలని ఉండదు. అందరూ ఆయన్నీ గౌరవంగానే చూస్తారు, అయినా ఆయనకి ఊపిరాడదు, ఎందుకంటే ఆ గౌరవం అందరికీ ఉంది. కానీ ఆయనకి పడవ నడపడం రాదు. తీసుకెళ్ళగలిగేది నూకరాజు గారొక్కరే. ఆయన పెట్టిన షరతు ఒకటే, ఆ ఊరి భాషలో అడగాలి. ఆదివారం తర్వాత ఆదివారం షావుకారు అన్ని దారులూ వెతుకుతారు, ఆ ఒక్కటి తప్ప. చివరి భాగంలో రేవులో నిలబడి, "నూకరాజు గారూ, నన్ను అవతల దింపుతారాండి" అనాలి. ఆ ఒక్క వాక్యం కోసమే మిగతా కథంతా రాశానని ఆవిడ నాతో అన్నారు.

షావుకారు వేషం సూర్యనారాయణ గారిదే. తెర మీద కనపడాలని ఆయనే ముచ్చటపడి అడిగారు. నిజం చెప్పాలంటే ఆయన బాగా చేశారు. చివరి దృశ్యం రోజు పొద్దున్నే రేవుకి చేరాం. సాంబ్రాణి వేశాం. ఆయన పంచె ఎత్తి పట్టుకుని పడవ అంచున నిలబడ్డారు. "ఏరా నూకరాజూ" అన్నారు. మొదటి రాజమండ్రి అన్నారు ఆవిడ. చుట్టూ నవ్వులు. రెండోసారి పేరు పిలిచి అక్కడ ఆగిపోయారు. మూడోసారి గా అన్న అక్షరం దాకా వచ్చి దగ్గు వచ్చినట్టు తల తిప్పుకున్నారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆయన మొహం ఎర్రబడింది. ఇది మార్చెయ్యమని, తను చెయ్యి ఊపితే వాడు పడవ తీస్తాడని, అంతకన్నా అక్కర్లేదని అక్కగారితో అన్నారు.

"సరిపోదండి సూర్యనారాయణ గారూ" అన్నారావిడ.

"జనంలో నన్ను గారు అనకక్కా. రేపు వీడు కొట్టుకొచ్చి కుర్చీ అడుగుతాడు."

"అడిగితే వెయ్యండి."

ఆయన పడవ దిగి, మోకాటి లోతు నీళ్ళలోంచి నడిచి, తడి పంచెతో గట్టెక్కి వెళ్ళిపోయారు. నూకరాజు గారు తెడ్డు పట్టుకుని, "పోనీ మేడం గారండి, ఆరి మాట కూడా నేనే అనేస్తానండి" అన్నారు. ఆరోజు ఆవిడ నవ్వింది ఆ ఒక్కసారే.

తర్వాతి ఆదివారం ఆ అరగంటలో చీరల తగ్గింపు అమ్మకం ప్రకటన వచ్చింది. ఆ తర్వాత కూడా అదే. క్యాసెట్లు ఏమయ్యాయని అడిగితే, వాటి మీదే పెళ్ళిళ్ళ వీడియోలు తీసేశారని చెప్పారు. అది నిజమే. కొన్నేళ్ళకి తెలిసినవాళ్ళింట్లో పెళ్ళి క్యాసెట్ చూస్తుంటే, అప్పగింతలు అయిపోయాక, తెర నల్లబడేలోపు, సాంబ్రాణి పొగలో ఒక పడవ కనిపించి పోయింది. ఆ ఇంటివాళ్ళు అదేదో మరక అనుకున్నారు. నేను మర్నాడే ఆవిడ దగ్గరికి వెళ్ళి చెప్పాను. మీకు కోపం రాదా అని కూడా అడిగాను. "మా సూరిబాబే కదండీ నిర్మల గారూ. ఈ భూమ్మీద నాకు దొరికిన తమ్ముడు వీడే" అన్నారు. ఆవిడ నోట వీడు అన్న మాట నేను విన్నది ఆ ఒక్కసారి. ఆవిడ మళ్ళీ ఏదీ తీయలేదు. పిల్లలకి ఫిజిక్స్ చెప్పుకుంటూ, తమ్ముడింట్లోనే పై వాటాలో ఉండిపోయారు. నేను ఎం.ఏ. చేసి మండపేటలో తెలుగు లెక్చరర్‌గా చేరాను.

ఇప్పుడు సంతాప సభ సంగతి. ఒక కల్యాణ మండపంలో పెట్టారు. వేదిక మీద పెద్ద తెర. ఛానల్ ఇప్పుడు యూట్యూబ్‌లో నడుస్తోంది. "రెండో రాజమండ్రి"లో మిగిలింది ఒక్కటే, అప్పట్లో కెమెరా పట్టుకున్నతను సరదాకి దాచుకున్న తప్పుల ముక్కలు. వాటిని ఒకచోట అతికించి, మధ్యమధ్య నవ్వుల శబ్దం పెట్టి, కామెడీ అని పేరు రాసి ఛానల్‌లో పెట్టారు. దాన్నే ఆవిడ ఫొటో పక్కన, దండ వేసిన ఫొటో పక్కన వేశారు. ఇడ్లీ పాత్ర వచ్చింది, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దానికి ఆవిడే ముందు నవ్వేవారు. తర్వాత రేవు దృశ్యం వచ్చింది. ఏరా నూకరాజూ. మొదటి రాజమండ్రి అని ఆవిడ గొంతు. హాలంతా నవ్వు. రెండోసారి, మూడోసారి. గా దగ్గర ఆగిపోయిన షావుకారు మొహం మీద బొమ్మని ఆపి, దాని కింద నవ్వుతున్న పసుపు మొహాలు అతికించారు. ఒక పెద్దమనిషికి ఇంకో మనిషిని గారు అనడానికి నోరు రాకపోవడం తెర మీద అంత పెద్దగా కనిపిస్తుంటే, హాల్లో ఒక్కరికీ తాము దేనికి నవ్వుతున్నామో తెలియలేదు. సూర్యనారాయణ గారు కూడా నవ్వుతున్నారు. తర్వాత ఆయన మైకు తీసుకుని, మా అక్కగారు చిన్నపిల్లలాంటిది, ఆవిడ సరదాలకి మేమంతా బలైపోయేవాళ్ళం అన్నారు. "ఆ పడవవాడు, వాడి పేరేదో ఉండాలి, వాడికి ఒక్క డైలాగు నేర్పించలేక చచ్చాం" అన్నారు.

నూకరాజు గారు వెనక, తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. నేను వచ్చేటప్పుడే చూశాను. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ముందు వరసలో గుడ్డ తొడిగిన కుర్చీలు సగం ఖాళీగా ఉన్నాయి.

నన్ను పాత ఉద్యోగినిగా రెండు మాటలు చెప్పమని పిలిచారు. నేను రాసుకున్న మాటలు చదవలేదు. మైకులో, ఆవిడ అన్నట్టే నెమ్మదిగా, "మొదటి రాజమండ్రి" అన్నాను. హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. సూర్యనారాయణ గారు ఫోన్‌లోంచి తల ఎత్తారు. ఆయనకి అర్థమైంది. వెనక నూకరాజు గారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఆ పడవ నడిపినాయన పేరు నూకరాజు గారండి. ఆ తెర మీద నోరు రానిది ఆయనకి కాదు. ఆయన నోటికి వచ్చే మర్యాద షావుకారు నోటికి రాలేదు. మీరు ఇందాక నవ్వింది దానికి. నూకరాజు గారూ, ముందుకి వచ్చి కూర్చోండి" అన్నాను. తలలు వెనక్కి తిరిగాయి. ముందు వరసలో ఎవరూ కదల్లేదు, పక్కకి జరగలేదు, రమ్మని ఒక చెయ్యి ఎత్తలేదు. నూకరాజు గారు దణ్ణం పెట్టి, "పర్లేదండి. ఇక్కడ గాలాడతందండి" అన్నారు. తర్వాతి వక్త లేచి ఆవిడ నిరాడంబరత గురించి మాట్లాడారు.

బయట చెప్పుల దగ్గర ఆయన నన్ను ఆపారు. తనని మన్నించమంటారేమోనని భయపడ్డాను, ఎందుకంటే మనవైపు ఎవరికి అన్యాయం జరిగితే వాళ్ళే మన్నించమంటారు. ఆయన అలా అనలేదు. "ఆ భూమ్మీదైతే వచ్చి కూర్చునేవోణ్ణండి అమ్మగారూ. ఇక్కడ మా కోడలు రేపు పొద్దున్నే షావుకారు గారి కొట్టుకెళ్ళి చీరలు మడతెట్టుకోవాలి కదండి" అన్నారు. ఆవిడ అయితే దీన్ని కథలో పెట్టి ఉండేవారు. నేను చెప్పులు వేసుకుని బస్సెక్కాను.

ఆ రోజు నుంచి ఆ నవ్వు నా చెవుల్లోంచి పోవడం లేదు. అది ఆ హాలుదే కాదు. మా కాలేజీలో హాజరు పిలిచేటప్పుడు పిల్లల పేర్ల పక్కన గారు చేర్చి పిలుస్తాను. మొదటి వారం నవ్వుతారు, తర్వాత వాళ్ళలో వాళ్ళు అలాగే పిలుచుకోవడం మొదలుపెడతారు. మొన్న రైసు మిల్లులో బస్తాలు మోసే ఒకాయన కూతురి సెలవు అడగడానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడితే, లోపలికి రమ్మని కుర్చీ వేశాను. ఆయన వెళ్ళాక, ఇలాంటివి అలవాటు చేయకండి మేడమ్, తర్వాత మనకే ఇబ్బంది అని తోటి లెక్చరర్ హితవు చెప్పారు. ఎవరికి ఇబ్బంది అని అడిగాను. ఆయన పుస్తకాలు సర్దుకోవడం మొదలుపెట్టారు, నేను వదలకుండా మళ్ళీ అడిగాను. ఆవిడ నేర్పిన దాంట్లో నాకు మిగిలింది ఇది. ఓర్పు కూడా నేర్పాలని చూశారు, అది నాకు అబ్బలేదు.

కంచం జారిన ఆ వారమే, ఆదివారం నాడు, కోటిలింగాల రేవుకి వెళ్ళాను. నూకరాజు గారు నావలో నీళ్ళు తోడుతున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. నేను మెట్లన్నీ దిగి, నీళ్ళ అంచున ఆగి, ఎవరూ ఎప్పుడూ అనకుండా మిగిలిపోయిన ఆ వాక్యం అన్నాను.

"నూకరాజు గారూ, నన్ను అవతల దింపుతారాండి?"

ఆయన వెంటనే గుర్తుపట్టారు. తెడ్డు అందుకుంటూ, "అవతలంటే కొవ్వూరాండి, ఇంకా అవతలాండి?" అన్నారు.

"ప్రస్తుతానికి కొవ్వూరు చాలండి" అన్నాను.